చరణానికీ చరణానికీ నడుమ

"బిడ్డా, సద్దుల బతుకమ్మ నాటికి నేను పాట ఎత్తగల్గుతనా?"

దవాఖాన నుంచి ఇంటికి పంపించే రోజు మా అక్క శకుంతల అడిగింది ఇదొక్కటే. ఏ మందు ఎన్ని పూటలు వేసుకోవాలి, ఏం తినాలి, ఏం తినకూడదు, ఇవన్నీ నేనే అడిగి తెలుసుకున్నాను. ఆమెకు అవేవీ పట్టలేదు. నిమోనియాతో మంచం పట్టి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని పడుకున్న మనిషి, గొట్టం తీసిన మర్నాటి నుంచే పాట సంగతి పట్టుకుంది.

అడిగింది కవితను. వరంగల్‌లోని ఆ దవాఖానలో కవిత ఫిజియోథెరపిస్టు. జబ్బు తగ్గాక ఊపిరినీ కాళ్లనూ మళ్లీ దారికి తేవడం ఆమె పని. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చి చదువుకున్న పిల్ల. ముఖంలో ఎప్పుడూ నవ్వు ఉంటుంది గాని మాట మాత్రం తూచినట్టు వస్తుంది.

"వారం వారం రండ్రి అమ్మా. నేను చెప్పినట్టు చేస్తే చూద్దాం."

"చూద్దామంటే అయితదనా, కాదనా?"

"చూద్దామంటే చూద్దామనే."

అక్క నా వైపు తిరిగి, "ఈ పిల్ల వకీలు కావాల్సింది తమ్మీ" అంది. ఆ ముక్క చెప్పడానికే మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది.

మాది నర్మెట్ట. జనగామ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. అక్క అత్తగారిల్లు కూడా మా ఊళ్లోనే, రెండు వీధుల అవతల. బావ పోయి చాలా ఏళ్లయింది. కొడుకు శ్రావణ్ భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఎలక్ట్రీషియన్. నా భార్య సుగుణ చనిపోయిన నెలలోనే అక్క తన పెట్టె సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. "నీకు వండుకునుడు రాదు, నాకు ఒక్కదాన్నే కూసొని తినుడు రాదు" అంది. అంతకు మించి మేం మాట్లాడుకున్నదేమీ లేదు.

బతుకమ్మ మొదటి రోజు నుంచి ఆఖరి సద్దుల రోజుదాకా ఊళ్లో పాట ఎత్తేది అక్క. చుట్టూ తిరిగే ఆడవాళ్లలో ఒకరు చరణం ఎత్తుకోవాలి, మిగతావాళ్లు చప్పట్లు కొడుతూ వంత పాడాలి. పాత పాటలు అందరికీ వచ్చు. అక్క సొంతంగా కట్టేది. ఆ ఏడు ఊళ్లో ఏం జరిగితే అదంతా పాటలోకి వచ్చేది. ఎవరి బర్రె తప్పిపోయింది, ఎవరి పెళ్లిలో పప్పు మాడింది, ఏ నాయకుడు ఓట్లప్పుడు చెప్పి తరువాత మరిచాడు, అన్నీ. బావ పోయిన తరువాత పసుపు గౌరమ్మను పెట్టే చోటికి అక్క ముందుకు రావడం మానేసింది. ఎవరూ వద్దనలేదు, తనే రాదు. పాట మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. పండుగలో ఆమెకు మిగిలింది అదొక్కటే. అది నాకు తెలుసు కాబట్టే కవిత నోటి వెంట వచ్చిన "చూద్దాం" అనే మాటను వరంగల్ నుంచి ఇంటిదాకా భద్రంగా పట్టుకొచ్చాను.

మేం ఇంటికి వచ్చిన బస్సు కండక్టర్ ముందు సీటు ఖాళీ చేయించి ఇచ్చాడు. "మేము గూడ సమ్మెల దిగుతున్నం సార్. ఇగ మళ్ల బస్సు ఎప్పుడో" అన్నాడు. మా స్టేజీలో అక్క దిగి, నిలదొక్కుకుని, కొంగు సర్దుకునేదాకా రైట్ చెప్పలేదు.

అన్నట్టే అయింది. ఆ సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. తెలంగాణ రాష్ట్రం ఇచ్చేదాకా పని చేయబోమని ఆఫీసులు, బడులు, బొగ్గు బావులు, చివరికి బస్సులు కూడా నిలిచిపోయాయి. వరంగల్ ఒక్కసారిగా చాలా దూరం జరిగింది. కవితకు ఫోన్ చేశాను.

"నేను గూడ తండాల్నే ఉన్న సార్. వరంగల్‌ల మా హాస్టల్ బంద్ వెట్టిన్రు" అంది.

"మరి మా అక్క సంగతి ఎట్లమ్మా?"

"ఫోన్ ఉన్నది గద సార్. పొద్దుమూకే ముందు నేనే చేస్త. స్పీకర్ వెట్టుండ్రి. మా తండాల సిగ్నల్ గుండు మీదనే వస్తది, జర ఎక్కాలె."

అలా మొదలైంది మా వైద్యం. సాయంత్రం అక్కడ గూడూరు అడవి అంచున ఆ పిల్ల రాతిగుండు ఎక్కేది. ఇక్కడ మా వాకిట్లో అక్క కుర్చీలో కూర్చునేది. నేను ఫోన్‌ను తులసి గద్దె మీద నిలబెట్టి, పడిపోకుండా చెంబు ఆనించేవాణ్ణి.

"అమ్మా, వెనక పొయ్యి ఊదెటోళ్లు గద. గట్ల పెదవులు సున్న చుట్టి మెల్లగ ఊదుండ్రి. మంట పెరుగొద్దు, ఆరిపోవద్దు."

"మా ఇంట్ల గ్యాస్ పొయ్యి బిడ్డా."

"యాదికి తెచ్చుకోండ్రి. ముక్కుతోని తీసుడు, నోటితోని ఊదుడు. నేను లెక్కవెడుత."

మొదటి రెండు రోజులు బుద్ధిగా చేసింది. మూడో రోజుకు విసుగొచ్చింది. లెక్క వింటుంటే నిద్ర వస్తోందని నాతో గొణిగింది. కవిత అక్కడి నుంచి లెక్కపెడుతుంటే అక్క ఇక్కడ పెదవులు కూడా కదపకుండా గోడ మీది పిచ్చుకను చూస్తూ కూర్చుంది. నన్ను చూసి కన్ను గీటింది.

"అమ్మా" అంది ఫోన్. "మీరు ఊదుతలేరు. నాకు గుండు మీది గాలే ఇనవడుతున్నది."

అక్క నాలుక కరుచుకుంది. అవతల ఇంకో గొంతు లంబాడీలో ఏదో అడిగి పకపకా నవ్వింది. "మా అవ్వ రామి" అంది కవిత. "రోజు నా ఎంబడి గుండు ఎక్కుతది. ఆ ముసలామె ఇయ్యాల గూడ దొంగాట ఆడిందా అని అడుగుతున్నది."

"నన్ను ముసలిదంటదా? ఆమెకెన్నేండ్లో అడుగు!"

మాట పూర్తయ్యేసరికి అక్కకు ఆయాసం వచ్చింది. కవిత నవ్వలేదు. ఊపిరి కుదుటపడేదాకా ఆగి, అప్పుడు వేరే సంగతి అడిగింది.

"అమ్మా, పాట ఎత్తేటప్పుడు మీరు ఊపిరి ఎప్పుడు తీస్తరు?"

"ఎప్పుడు తీస్తనేంది? పాడుకుంట ఎవలన్న గది సూసుకుంటరా?" అని అక్క ఆగింది. చెయ్యి గాలిలో చప్పట్లకు లేపి, లోపల్లోపల ఒక చరణం అనుకుని చూసుకుంది. "అందరు ఉయ్యాలో అంటరు గద... గప్పుడు."

"గంతే అమ్మా. చరణం ఎత్తుడంటే ఊదుడు. వంత నడిసేటప్పుడు ముక్కుతోని తీసుడు. నేను చెప్పేది మీరు చిన్నప్పటి సంది చేస్తనే ఉన్నరు. రేపటి నుంచి లెక్క వద్దు, పాట పాడుండ్రి. చిన్నగ, పక్కింటికి గూడ ఇనవడకుండ."

"మరి వంత ఎవలు పాడుతరు?"



"సార్ ఉన్నరు గద" అంది కవిత.

తరగతి గదిలో రాజుల పేర్లు గట్టిగా చెప్పడమే తప్ప నేను జన్మలో పాట పాడింది లేదు. అందులో బతుకమ్మ వంత మగవాడు పాడడం మా ఊళ్లో ఎవరూ చూడని వింత. అక్క నా ముఖం చూసి, దవాఖాన నుంచి వచ్చిన తరువాత మొదటిసారి కడుపారా నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు తగ్గాక మళ్లీ నవ్వింది.

మర్నాడు తలుపు దగ్గరికి వేసి మొదలుపెట్టాం. కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం కూడా ఆ రోజు పాఠంలో ఉంది. అక్క పాట అప్పటికప్పుడు కట్టింది.

"కుర్చీల కూసుంటి ఉయ్యాలో."

"ఉయ్యాలో" అన్నాను.

"లేవలేక లేస్తి ఉయ్యాలో."

"ఉయ్యాలో."

"మోకాలు మొత్తుకునె ఉయ్యాలో. తమ్ముడు గొణగవట్టె ఉయ్యాలో."

"గొణుగుడు గాదు సార్, జర గొంతు తెరువుండ్రి" అంది ఫోన్.

గోడ అవతల కిసుక్కుమన్న చప్పుడు. పక్కింటి కోడలు భావన బట్టలు ఆరేస్తున్నట్టు నిలబడి ఉంది. తీగ మీద ఒక్క బట్ట లేదు. "మామా, మళ్లొక్కసారి అను. మా అత్తను పిలుస్త" అంది.

ఏటా అరుగు మీద కూర్చుని నేను ఆ వంత వినేవాణ్ణి. అన్ని గొంతుల్లో సుగుణ గొంతు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నా పండుగ. ఒక్కోసారి దొరికేది, ఒక్కోసారి దొరికిందనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట నా నోట్లో తిరుగుతుంటే బాధనిపించలేదు. ఆమె రోజూ వాడిన చెంబుతో నీళ్లు తాగినట్టు అనిపించింది.

కొన్ని రోజులకు మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. అక్కకు ఊపిరి అందడం లేదనిపిస్తే నేను ఉయ్యాలోను రెండుసార్లు అనేవాణ్ణి. అప్పటికీ చాలకపోతే మూడోసారి. ఆమె చెయ్యి కొద్దిగా ఎత్తితే చాలని గుర్తు. కవిత అది ఫోన్‌లో విని ఏమీ అనలేదు. అననప్పుడు ఒప్పుకున్నట్టని నేను అర్థం చేసుకున్నాను.

ప్రతి సాయంత్రం చివర ఒక పరీక్ష ఉండేది. "ఇయ్యాల ఏం వండుకున్నరో ఒక్క ఊపిరిల చెప్పుండ్రి అమ్మా" అని అడిగేది. అక్క చెప్పేది. మాట ఎక్కడ తెగుతుందో కవిత వినేది. మొదట్లో అన్నం దగ్గరే తెగేది. తరువాత పప్పుదాకా వెళ్లింది. వంకాయ కూర దాటి పచ్చి పులుసుదాకా వెళ్లిన రోజు నేను బజారుకు వెళ్లి పావు కిలో జిలేబీ తెచ్చాను.

బొగ్గు బావులు ఆగాక కరెంటు కోతలు పెరిగాయి. భూపాలపల్లి నుంచి శ్రావణ్ ఫోన్ చేస్తే అక్క తిట్టిపోసింది.

"మీరు బొగ్గు తియ్యకుంటే ఈడ నా ఫ్యాన్ బందయింది గదరా! ఊపిరి ఆడనియ్యరా నన్ను?"

"నీ కోసమే గదనే అమ్మా సమ్మె. రాష్ట్రమొస్తే మస్తు కరెంటు."

"రాష్ట్రమొచ్చేదాక విసనకర్ర నువ్వొచ్చి ఊపు."

ఫ్యాన్ లేకపోతే విసనకర్ర ఉంది. ఫోన్‌లో చార్జింగ్ లేకపోతే మాత్రం వైద్యమే లేదు. అందుకు దారి బస్టాండ్ దగ్గర దొరికింది. అక్కడ టెంటు వేసి రోజుకు కొందరు చొప్పున రిలే నిరాహార దీక్షకు కూర్చుంటున్నారు. పొద్దున దండలు వేసి కూర్చోబెడతారు, సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపుతారు. మైకు కోసం ఇన్వర్టర్ పెట్టారు. శిబిరం చూసుకునేది చందూలాల్ సార్. పక్క తండా మనిషి, బడి పంతులు, సమ్మెలో ఉన్నాడు. నా సంగతి విని, "అడుగుడేంది సార్, మీ ఫోన్ గూడ ఉద్యమంల ఉన్నట్టే" అని ప్లగ్గు చూపించాడు.

అప్పటికి కవిత నడక మొదలుపెట్టించింది. ఆయాసం తెలిసేదాకా నడవాలి. తెలియగానే ఎక్కడుంటే అక్కడ కూర్చుని, ఊపిరి కుదుటపడేదాకా పెదవులు సున్నా చుట్టి ఊదాలి. ఆ ఊదేటప్పుడు ఒక్క మాట మాట్లాడొద్దు. నడిచి వచ్చాక ఉడికించిన గుడ్డు తినాలి. రోజుకింత దూరం పెంచుతూ, బతుకమ్మ వారంలోకి వచ్చేసరికి అక్క బస్టాండ్‌దాకా నడిచింది. గుడ్డు నా జేబులో ఉంది.

నేను ఫోన్ చార్జింగ్‌కు పెట్టడానికి టెంటు వెనక్కి వెళ్లాను. చందూలాల్ అప్పుడే ఆ రోజు దీక్ష మొదలుపెడుతున్నాడు. కూర్చోవాల్సిన వాళ్లలో ఒకరు రాలేదు, ఒక దండ మిగిలింది. సరిగ్గా అప్పుడే అక్కకు ఆయాసం తెలిసింది. ఎదురుగా కనిపించిన పరుపు అంచున కూర్చుని, కళ్లు మూసుకుని, పెదవులు సున్నా చుట్టి ఊదడం మొదలుపెట్టింది.

నేను ఇవతలికి వచ్చేసరికి మైకు మోగుతోంది. "దవాఖాన నుంచి లేసొచ్చి, అనారోగ్యాన్ని లెక్కచెయ్యకుంట, స్వచ్ఛందంగ దీక్షల కూసున్న శకుంతలమ్మకు ఉద్యమాభివందనాలు!"

అక్క మెడలో బంతిపూల దండ. చుట్టూ చప్పట్లు. ఆమె నా వైపు కళ్లు పెద్దవి చేసి చూస్తోంది గాని నోరు విప్పడం లేదు. ఊదుతోంది. కవిత మాట్లాడొద్దంది కదా. దొంగాట ఆడిన మనిషి ఆ ఒక్కరోజు అక్షరాలా చెప్పినట్టు చేసింది. ఊపిరి కుదుటపడి మాట వచ్చేసరికి అందరూ జై తెలంగాణ అని మూడుసార్లు అనేశారు.

"అక్కా, లే. నేను చెప్త" అన్నాను మెల్లగా.

"ఇప్పుడు దండ తీస్తె ఏం బాగుంటది తమ్మీ? ఇంతమంది చప్పట్లు కొట్టినంక" అంది, దండ సర్దుకుంటూ. ఆమెకు అప్పటికే అది నచ్చిందని నాకు అర్థమైంది.

జేబులో గుడ్డు పెట్టుకుని నిరాహార దీక్ష పక్కన నిలబడడం ఎంత ఇబ్బందో అనుభవిస్తే గాని తెలియదు. ఇంతలో టెంటు వెనక ఫోన్ మోగితే వెళ్లి తీసుకున్నాను. నడక ఎలా ఉందో కనుక్కుందామని కవిత ఆ రోజు పొద్దునే చేసింది.

"నడిచింది. బస్టాండ్‌దాకా వచ్చింది."

"మస్తు! గుడ్డు తిన్నదా సార్?"

"తినలేదమ్మా. అక్క నిరాహార దీక్షల కూసున్నది."

నా ఉద్యోగ జీవితంలో ఎంతో మంది ఇన్‌స్పెక్టర్ల మౌనం చూశాను గాని ఇంత బరువైన మౌనం ఎప్పుడూ వినలేదు. "కూసోవెట్టినోళ్లకు ఫోన్ ఇయ్యుండ్రి" అంది.

చందూలాల్ తీసుకున్నాడు. పేరు చెప్పాడో లేదో, అవతల భాష మారిపోయింది. తమ ఇంటి భాషలో ఆ పిల్ల ఏమందో నాకు తెలియదు. మైకులో ఊరంతా ఊగేలా మాట్లాడే మనిషి, బడిలో పిల్లవాడిలా "హా... హా..." అంటూ నిలబడ్డాడు. ఫోన్ తిరిగి ఇచ్చి, చెమట తుడుచుకుని, మైకు అందుకున్నాడు.

"కవిత డాక్టరమ్మ ఆదేశం మేరకు శకుంతలమ్మ దీక్షను ఇప్పుడే, విజయవంతంగ, విరమింపజేస్తున్నం!"

పొద్దున పదిన్నరకు నిమ్మరసం ఇచ్చారు. చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి అనగలను, అంత చిన్న దీక్ష నేను ఎక్కడా చదవలేదు. నవ్వులు, ఈలలు, మళ్లీ చప్పట్లు. అక్క గ్లాసు దించి, నా జేబు వైపు చూసి, "ఇగ గుడ్డియ్యి" అంది.

అంతటితో ఇంటికి వస్తే బాగుండేది. వచ్చే దారంతా కనిపించిన ప్రతివాడికీ దండ చూపించి కథ చెప్పింది. శ్రావణ్ ఫోన్ చేసి, "నువ్వు గూడ సమ్మెల దిగినవా అమ్మా" అంటే అతనికి మొదటి నుంచీ చెప్పింది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. దగ్గు మొదలైంది. కవిత పరీక్ష పెట్టినప్పుడు మాట మళ్లీ అన్నం దగ్గరే తెగింది.

 జ్వరం ఉందా, గోళ్లు నీలంగా ఉన్నాయా, కఫం రంగేంటి అని కవిత నన్ను అడిగింది. ఏదీ లేదని తేలాక, "అలసట సార్, భయం లేదు. ఏ జర తేడా కనవడ్డా ఆగొద్దు, ఆటో మాట్లాడుకొని జనగామ దవాఖానకు పోండ్రి" అంది. తరువాత గొంతు తగ్గించింది. "అమ్మా, రెండు రోజులు పాట వద్దు. గిట్లనే ఉంటె సద్దుల నాడు మీరు చప్పట్లే కొట్టాలె. పాట ఇంకెవలన్న ఎత్తుతరు."

అక్క మెడలో దండ తీసి తులసి గద్దె మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ రెండు రోజులు మా ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది. అక్క మాట్లాడకుండా ఊదింది. మాట్లాడకుండా కుర్చీలో లేచింది, కూర్చుంది. గుడ్డు తింది. ఎవరూ చూడకపోయినా చేసింది. రెండో రోజు మధ్యాహ్నం గోడ దగ్గరికి వెళ్లి భావనను పిలిచింది.

"నీకు గొంతున్నదే భావనా. మతిమరుపు గూడ ఉన్నది. రాయె, ఈ ఏటి చరణాలు నేర్చుకో. నాకు ఊపిరి చాలకపోతె నువ్వెత్తాలె."

భావన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతోని గాదు అత్తమ్మా."

"నాతోనే గానప్పుడు నీతోనన్న కావాలె గద."

అక్క చరణాన్ని మాటగా మెల్లగా చెప్పేది, భావన పాటగా ఎత్తేది, నేను వంత. ఇన్నేళ్లలో ఎవరికీ ఇవ్వని పాటను అక్క అంత తేలిగ్గా చేతిలో పెట్టేస్తుందని నేను అనుకోలేదు. అలా పెట్టాక ఆమె ముఖంలో ఏదో వదులైంది. ఆ రాత్రి దగ్గు లేకుండా నిద్రపోయింది.

సద్దుల ముందు రోజు సాయంత్రం పరీక్షలో అక్క వంకాయ దాటింది. గుండు మీద రామి ఏదో అంది, కవిత నవ్వింది. "మా అవ్వ సిఫారసు చేస్తున్నదమ్మా. ఒక్క పాట. చిన్నది. ఊపిరి ఆగుమంటె ఆగాలె. సార్ ఫోన్ పట్టుకొని ఉండాలె, నేను ఇనుకుంట ఉంట."

"ఒట్టు బిడ్డా" అంది అక్క.

ఆ ఏడు బతుకమ్మలను రోడ్డు మీదే ఆడాలని ఊరు అనుకుంది. బస్సులు లేని రోడ్డు ఎంత వెడల్పో మాకు అప్పుడే తెలిసింది. శిబిరం ముందు నీళ్లు చల్లి ముగ్గులు వేశారు. తంగేడు, గునుగు, బంతి పూలతో వరసలు వరసలుగా పేర్చిన బతుకమ్మలను మధ్యలో పెట్టారు. పక్క తండా ఆడవాళ్లు అద్దాల రవికెలతో వచ్చి చూస్తూ నిలబడి, చివరికి తాము కూడా వలయంలో కలిశారు. అంత పెద్ద వలయం మా ఊళ్లో నేనెప్పుడూ చూడలేదు. మగవాళ్లం టెంటు దగ్గర నిలబడ్డాం. నా చేతిలో ఫోన్, అవతల కవిత.

అక్క ఎత్తింది.

"బస్సులు లేని తొవ్వ ఉయ్యాలో."

వంత ఒక్కసారిగా లేచింది. ఆ గొంతు కొంచెం సన్నబడింది గాని అదే గొంతు. జనంలో ఎవరో "శకుంతలక్కనే" అన్నారు.

"బతుకమ్మ వచ్చిన తొవ్వ ఉయ్యాలో. పొద్దుగాల దీక్ష ఉయ్యాలో. పొయ్యి మండకముందె విడుపు ఉయ్యాలో."

చందూలాల్ ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. నవ్వులో చప్పట్ల వేగం పెరిగింది. ఇంట్లో నేనొక్కణ్ణి పాడే వంత వేరు, ఇంతమంది పాడే వంత వేరు. వాళ్లు ఉయ్యాలో అనేసి వెంటనే తరువాతి చరణం కోసం అక్క వైపు చూస్తున్నారు. ఆమెకు ఊపిరి తీసుకునే సందు దొరకడం లేదు. ఇంకో రెండు చరణాలు లాగింది. ఆ తరువాత ఆగింది.

వలయం ఒక అడుగు వేసి తడబడింది. అక్క పెదవులు సున్నా చుట్టి ఊదుతోంది. భావన కళ్లు తేలేసింది, నేర్చుకున్న చరణాలన్నీ ఎగిరిపోయాయని ముఖమే చెబుతోంది. చప్పట్లు పలచబడుతున్నాయి. ఫోన్‌లో కవిత "సార్" అంది.

"ఉయ్యాలో" అన్నాను.

గొణుగుడు కాదు. తరగతి గదిలో ఆఖరి బెంచీకి వినిపించాల్సిన గొంతు. "ఉయ్యాలో" అన్నాను మళ్లీ.

ఊరంతా నా వైపు తిరిగింది. ఆడవాళ్ల వలయం నిలబడిపోయి చూసింది. నా చెవులు వేడెక్కాయి. అక్క కళ్లలో నవ్వు. ముందు భావన అందుకుంది, ఆమెకు ఆ పద్ధతి తెలుసు కదా. "ఉయ్యాలో!" తరువాత తండా ఆడవాళ్లు, తరువాత అందరూ. నవ్వుతూ, ఊగుతూ, చప్పట్లు కొడుతూ, ఒకసారి కాదు, మళ్లీ, మళ్లీ. ఆ అలలో అక్క నిదానంగా ముక్కుతో గాలి తీసుకుంది. ఎక్కడా తొందర పడలేదు. అంతమంది ఆమె కోసం ఒకే మాట పట్టుకుని తిరుగుతున్నారు. ఆ గొంతుల్లో అలవాటు కొద్దీ నేను ఒక గొంతు వెతికాను. దొరికిందనే అనుకున్నాను.

అక్క చెయ్యి కొద్దిగా ఎత్తింది.

వంత ఆగింది. ఆమె చరణం ఎత్తింది.

"తమ్ముడే వంతాయె ఉయ్యాలో. తల్లులార నవ్వకుండ్రి ఉయ్యాలో."

తరువాతి చరణాలు అక్క ఒకటి, భావన ఒకటి ఎత్తారు. పాట అయ్యాక అక్క తనంతట తానే వలయం నుంచి వచ్చి కుర్చీలో కూర్చుని, మాట్లాడకుండా ఊదింది. కుదుటపడ్డాక ఫోన్ అందుకుంది.

"ఎట్లున్నది బిడ్డా?"

"మా అవ్వ ముందు ఆ మగ గొంతు ఎవలదో చెప్పుమంటున్నది" అంది కవిత. "పరీక్ష ఉన్నదమ్మా. ఇయ్యాల సద్దులు ఏమేం చేసిన్రు? ఒక్క ఊపిరిల."

అక్క వెన్ను నిటారుగా పెట్టి, ముక్కుతో నిండా గాలి తీసుకుంది.

"పెరుగు సద్ది, చింతపండు పులిహోర, నిమ్మకాయ సద్ది, కొబ్బరి సద్ది, నువ్వుల సద్ది, పల్లి పొడి, సత్తుపిండి, మలీద ముద్దలు చేసినం బిడ్డా, బస్సులు నడిచినంక మీ అవ్వను తోలుకొని రా, నీకు గుడ్డు గూడ ఉడకవెడ్త."

ఎక్కడా తెగలేదు.